పట్టాల ప్రశ్నలు: వాగ్-9, వాప్-7 కుటుంబం గురించి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు వాగ్-9, వాప్-7 లాంటి త్రీఫేజ్ కరెంటు ఇంజన్ల మీదే ఉన్నాయి. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. ఇందులోని లెక్కలు సూత్రం అర్థం కావడానికి వేసినవి. డ్యూటీలో ఉన్నవారికి మాత్రం తమ సెక్షన్ ఆదేశాలే ప్రమాణం.

ప్రశ్న: వాగ్-9, వాప్-7 పక్కపక్కన నిలబడితే రంగు తప్ప తేడా తెలియడం లేదు. ఒకటి గూడ్స్, ఒకటి ఎక్స్‌ప్రెస్ ఎలా అయ్యాయి? (ఒంగోలు నుంచి ఒక విద్యార్థి)

ముఖ్యమైన తేడా గేరులో ఉంది. రెండింటిలోనూ ఆరు ఇరుసులు, ఇరుసుకొక మోటారు. ఆ మోటారు కూడా ఒకటే: 6ఎఫ్ఆర్ఏ 6068 అనే 850 కిలోవాట్ల త్రీఫేజ్ ఇండక్షన్ మోటారు. వాగ్-9లో మోటారు షాఫ్టు మీది చిన్న గేరు చక్రానికి (పినియన్) 15 పళ్లు, ఇరుసు మీది పెద్ద చక్రానికి 77 పళ్లు. అంటే ఇరుసు ఒక్క చుట్టు తిరగాలంటే మోటారు 5.13 చుట్లు తిరగాలి. వాప్-7లో ఇది 72:20, అంటే 3.6 చుట్లు చాలు.

ఇప్పుడు 5.13ను 3.6తో భాగించండి, 1.43 వస్తుంది. వాగ్-9 బయల్దేరేటప్పుడు లాగే బలం 458 కిలోన్యూటన్లు, వాప్-7ది 323. వీటి నిష్పత్తి 1.42. గరిష్ఠ వేగాలు 100, 140 కిలోమీటర్లు. నిష్పత్తి 1.4. బలంలో వదులుకున్నది వేగంలో వచ్చింది, అంతే. కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లోని పరిమితులనూ దానికి తగ్గట్టు మార్చారు. తర్వాత వచ్చిన గూడ్స్ ఇంజన్లలో 107:21 గేరు కూడా ఉంది. నిష్పత్తి దాదాపు అదే, పళ్లు సన్నవి.

గూడ్స్ ఇంజనే ముందు పుట్టింది. 1993లో రైల్వే ఏబీబీ అనే విదేశీ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. మొదటి వాగ్-9లు 1996లో వచ్చాయి. చిత్తరంజన్ కర్మాగారం సొంతంగా కట్టిన మొదటి ఇంజను 31022 ‘నవయుగ్’, 1998 నవంబరులో బయటికొచ్చింది. అదే డిజైనుకు గేరు మార్చి 2000లో 30201 ‘నవకిరణ్’ను దించారు. మొదటి వాప్-7 అదే.

గుర్తుపట్టడానికి రంగును నమ్ముకోవద్దు. షెడ్డును బట్టి, ప్రకటనలను బట్టి రంగులు మారిపోతున్నాయి. నంబరు చూడండి. 31, 32, 33, 41తో మొదలయ్యే అయిదంకెల నంబరైతే వాగ్-9 వంశం. 302 నుంచి పైకి వెళ్లే 30 వేల నంబర్లు, 37, 39తో మొదలయ్యేవి వాప్-7లు. సికింద్రాబాద్ పరిసరాల్లో మీరు చూసే వాప్-7లలో చాలావాటి పక్కన లాలాగూడ షెడ్డు పేరు కనిపిస్తుంది.

ప్రశ్న: వాగ్-9 పక్కన హెచ్, ఐ, హెచ్‌హెచ్ అని రాస్తారు. ఈ అక్షరాల వల్ల నిజంగా ఏమైనా మారుతుందా, లేక కాగితాల మీద తేడాయేనా? (కాజీపేట, రామగుండం)

మారుతుంది. అక్షరాన్ని బట్టి మారే వస్తువు వేరు.

హెచ్ అంటే బరువు. మామూలు వాగ్-9 123 టన్నులు, వాగ్-9హెచ్ 135 టన్నులు. 2000లో వచ్చిన 31030 ‘నవశక్తి’తో ఇది మొదలైంది. మోటార్ల సత్తా పెరగలేదు. అడుగున 12 టన్నుల అదనపు బరువు పెట్టారు. ఇరుసు భారం 20.5 టన్నుల నుంచి 22.5 టన్నులకు పెరిగింది. ఇంజనుకు బరువు పెంచితే లాభమేమిటని అనిపించవచ్చు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద ఎంత బలంతో నెట్టగలదన్నది దాని మీద పడే బరువును బట్టి ఉంటుంది. 458 కిలోన్యూటన్లు అంటే 46.7 టన్నుల బలం. 123 టన్నుల ఇంజను అంత బలం పెట్టాలంటే తన బరువులో 38 శాతాన్ని పట్టా మీద పట్టు తప్పకుండా వాడుకోవాలి. అక్కడికే ఎక్కువ. ఇంకా లాగమంటే చక్రాలు జారతాయి. బరువు పెంచితే ఆ శాతం పెద్దగా పెరగకుండానే బలాన్ని 520 కిలోన్యూటన్లకు, అంటే 53 టన్నులకు తీసుకెళ్లవచ్చు.

ఈ 6.3 టన్నుల తేడా ఎక్కడ తెలుస్తుందో చూడండి. ఒక్కొక్కటి 81.28 టన్నులున్న 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల బండి దాదాపు 4,700 టన్నులు. 135 టన్నుల ఇంజనుతో కలిపి 4,835. అది 1/150 ఎత్తు మీద, అంటే 150 మీటర్లకు ఒక మీటరు ఎక్కేచోట, సిగ్నల్ దగ్గర ఆగిందనుకోండి. ఎత్తు వెనక్కి లాగే బలం 4,835ను 150తో భాగిస్తే 32.2 టన్నులు. ఆగి ఉన్న బండి కదలడానికి టన్నుకు సుమారు 4 కిలోల చొప్పున ఇంకో 19.3 టన్నులు. మొత్తం 51.5. హెచ్ ఇంజను దగ్గర 53 ఉంది కాబట్టి కదులుతుంది. మామూలు వాగ్-9 దగ్గర ఉన్నది 46.7 కాబట్టి వెనక నుంచి నెట్టే ఇంజను (బ్యాంకరు) రావాల్సిందే. వాన పడితే హెచ్‌కు ఉన్న ఒకటిన్నర టన్నుల మిగులు కూడా పోతుంది. అక్కడ పట్టు కోసం చక్రాల కింద చల్లే ఇసుకే దిక్కు. ఇసుక డబ్బాలు నిండుగా, గొట్టాల మూతులు తడిసి గడ్డకట్టకుండా ఉన్నాయో లేదో బయల్దేరకముందే చూసుకోవాలి.

ఐ ఉంటే కన్వర్టర్‌లో, అంటే తీగ కరెంటును మోటార్లకు సరిపడేలా మార్చే పరికరంలో, ఐజీబీటీలనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు వాడారని అర్థం. మొదటి తరం ఇంజన్లలో ఆ పనికి జీటీఓ థైరిస్టర్లు ఉండేవి. వాటిని ఆర్పడానికి గేటు దగ్గరే పెద్ద కరెంటు కావాలి. అందుకు వేరే డ్రైవ్ కార్డులు, రక్షణ సర్క్యూట్లు. ఐజీబీటీకి ఆ తలనొప్పి తక్కువ. చెడిపోయే భాగాలూ తక్కువ.

హెచ్‌హెచ్ 9,000 హార్స్‌పవర్ ఇంజను. పాతది 6,120. ‘పవరు దాదాపు ఒకటిన్నర రెట్లయింది కాబట్టి ఒకటిన్నర రెట్ల బరువు లాగుతుంది’ అని రాసిన పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. బయల్దేరేటప్పుడు హద్దు పెట్టేది పవరు కాదు, పట్టు. 4,500 కిలోవాట్ల ఇంజను 520 కిలోన్యూటన్ల బలాన్ని దాదాపు 31 కిలోమీటర్ల వేగం వరకే నిలబెట్టుకోగలదు. ఆపైన వేగం పెరిగే కొద్దీ బలం తగ్గుతుంది. అంతే బలాన్ని 9,000 హార్స్‌పవర్‌తో దాదాపు 46 కిలోమీటర్ల దాకా నిలబెట్టవచ్చు. కాబట్టి లాభం ఎత్తుల మీద వేగంలో, సెక్షన్ త్వరగా ఖాళీ చేయడంలో కనిపిస్తుంది. ఎక్కువ వ్యాగన్లు కట్టడంలో కాదు.

ప్రశ్న: కేకే లైన్లో ఇనుప ఖనిజం బండ్లు అరకు వైపు నుంచి కిందికి దిగుతూ వస్తాయి కదా. దిగే బండికి మూడు ఇంజన్లు ఎందుకండీ? (శృంగవరపుకోట)

మంచి ప్రశ్న. కొత్తవలస–కిరండూల్ లైన్ శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరి, అక్కడి నుంచి తీరం వైపు 1/60 వాలులో దిగుతుంది. లోడు బండి దిగే వైపే వస్తుంది. అక్కడ లాగడం కన్నా ఆపడమే కష్టం.

పై లెక్కనే తిప్పి వేద్దాం. 4,700 టన్నుల బండిని 1/60 వాలు ముందుకు నెట్టే బలం 78 టన్నులు. నడుస్తున్న బండి తనంతట తాను ఎదిరించేది టన్నుకు ఒకటిన్నర, రెండు కిలోల చొప్పున ఏడెనిమిది టన్నులు పోయినా దాదాపు 70 టన్నులు మిగులుతుంది. వేగం పెరగకుండా ఉండాలంటే దాన్ని ఎవరో ఒకరు పట్టుకోవాలి. వాగ్-9 రీజనరేటివ్ బ్రేకు, అంటే మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేసే కరెంటు బ్రేకు, గరిష్ఠంగా 260 కిలోన్యూటన్లు, అంటే 26.5 టన్నులు. రెండు ఇంజన్లయితే 53. మిగతా 17 టన్నులకు వ్యాగన్ల గాలి బ్రేకు గంటల తరబడి రాస్తూ ఉండాలి. బ్రేకు బ్లాకులు కాలతాయి, చక్రాలు వేడెక్కుతాయి. పదేపదే వేసి వదిలితే వ్యాగన్ల గాలి రిజర్వాయర్లు పూర్తిగా నిండే వ్యవధి దొరకదు. ఘాట్‌లో అసలు భయం ఇదే. మూడు ఇంజన్లయితే 79 టన్నుల పట్టు ఉంటుంది. కరెంటు బ్రేకుతోనే వేగాన్ని నిలిపి, గాలి బ్రేకును ఆగడానికి, అత్యవసరానికి దాచుకోవచ్చు.

ఈ దారిలో 1980ల నుంచి నడిచిన వాగ్-5లను, జపాన్, స్వీడన్‌ల నుంచి తెచ్చిన వాగ్-6లను కూడా ఇలాగే గుంపుగా కట్టేవారు. త్రీఫేజ్ ఇంజను కొత్తగా తెచ్చిన లాభం, బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటు తిరిగి తీగలోకి పోవడం. అదే సమయానికి ఖాళీ బండి ఘాట్ ఎక్కుతుంటే దాన్ని వాడుకుంటుంది. లేకపోతే సబ్‌స్టేషన్ గుండా గ్రిడ్‌కు వెళ్తుంది.

ఒక జాగ్రత్త. తీగలో కరెంటు పోయినా, వీసీబీ (ఇంజను ప్రధాన సర్క్యూట్ బ్రేకరు) తెరుచుకున్నా ఈ బ్రేకు ఆ క్షణమే పోతుంది. గాలి బ్రేకు సిద్ధంగా లేకుండా కరెంటు బ్రేకును నమ్ముకుని ఘాట్ దిగకూడదు.

ప్రశ్న: అసిస్టెంట్ లోకో పైలట్ శిక్షణలో ఉన్నాను. ‘బోగీ ఐసొలేట్ అయితే సగం ఇంజనుతో వెళ్లాలి’ అంటారు. అసలు లోపల జరిగేదేమిటి? ఎంసీఈ ఆఫ్–ఆన్ వరుస కూడా చెప్పగలరా? (గుంతకల్లు)

తీగలోని 25 కిలోవోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లో నాలుగు ట్రాక్షన్ వైండింగుల్లో 1,269 వోల్టులకు దిగుతాయి. రెండు వైండింగులు ఎస్ఆర్-1 కన్వర్టర్‌కు, రెండు ఎస్ఆర్-2కు. కన్వర్టర్ దాన్ని ముందు డీసీగా మారుస్తుంది, డీసీ లింకులో 2,800 వోల్టుల వరకు ఉంటుంది. తర్వాత మోటార్లకు కావలసిన ఫ్రీక్వెన్సీలో త్రీఫేజ్‌గా మారుస్తుంది. ఎస్ఆర్-1 మొదటి బోగీలోని మూడు మోటార్లను, ఎస్ఆర్-2 రెండో బోగీలోని మూడింటిని కలిపి నడుపుతుంది. బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, మూడు ఇరుసుల చట్రం. మోటారుకొక కన్వర్టర్ లేదు కాబట్టి ఒక్క మోటారులో ఎర్త్ ఫాల్ట్ (కరెంటు ఇంజను ఒంటికి లీకయ్యే లోపం) వచ్చినా మూడూ ఆగిపోతాయి.

లోపం వచ్చినప్పుడు తెర మీద ఎస్ఎస్02 (సబ్‌సిస్టమ్ 2) కనిపిస్తే మొదటి బోగీ ట్రాక్షన్, ఎస్ఎస్03 అయితే రెండోది. ఎస్ఎస్01 మెయిన్ పవర్, ఎస్ఎస్04 హార్మోనిక్ ఫిల్టర్. సందేశం రాగానే ‘లోపం చూశాను’ అని చెప్పే బీపీఎఫ్ఏ బటన్ నొక్కేసి మర్చిపోకండి. ముందు సందేశాన్ని, సమయాన్ని, వేగాన్ని, అప్పుడున్న టీఈ (లాగే బలం) లేదా బీఈ (బ్రేకు బలం)ని లాగ్ బుక్కులో రాయండి. షెడ్డువాళ్లకు లోపం పట్టుకోవడానికి మీ నాలుగు ముక్కలే ఆధారం.

చేత్తో బోగీని తప్పించాల్సివస్తే ఎస్‌బీ-1 ప్యానెల్‌లోని 154 స్విచ్ వాడతారు. నార్మల్ నుంచి I పెడితే మొదటి బోగీ, II పెడితే రెండోది తప్పుకుంటుంది. అప్పుడు వాగ్-9హెచ్ దగ్గర మిగిలేది 26.5 టన్నులు. మన 4,835 టన్నుల బండిని సమతలం మీద కదిలించడానికే 19.3 కావాలి. మిగిలిన 7.2 టన్నులతో ఎక్కగలిగేది 1/670 ఎత్తు, అది కూడా పట్టాలు పొడిగా ఉంటే. కాబట్టి బోగీ పోగానే ‘లాగి చూద్దాం’ అనుకోవద్దు. ముందున్న ఎత్తు ఎంతో చూసి, కంట్రోలర్‌కు చెప్పి, సాయపు ఇంజను అడగాలో లేదో స్టేషన్‌లో ఉండగానే తేల్చుకోండి. మధ్య సెక్షన్లో ఆగాక అడిగితే లైనంతా నిలిచిపోతుంది.

ఎంసీఈ, అంటే కంట్రోల్ ఎలక్ట్రానిక్స్, ఆఫ్ చేసేది బండి ఆగాకే. నడుస్తుండగా చేస్తే బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. బండిని బ్రేకుతో కట్టడి చేయండి. టీఈ/బీఈ హ్యాండిల్ సున్నాలో, రివర్సర్ సున్నాలో పెట్టండి. వీసీబీ తెరిచి, తీగ నుంచి కరెంటు తీసుకునే పాంటో దించండి. క్యాబ్‌లోని బీఎల్ తాళంచెవిని డీ (నడిపే స్థానం) నుంచి ఆఫ్‌కు తిప్పండి. చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘రీసెట్ చేశాను, లోపం పోలేదు’ అంటారు. ఆఫ్‌కు తిప్పగానే ఎలక్ట్రానిక్స్ చావదు. క్యాబ్ మారడానికి వీలుగా 10 నిమిషాలు సెల్ఫ్ హోల్డ్‌లో బతికే ఉంటుంది. కీని ఆఫ్ నుంచి సీ (కూలింగ్ స్థానం)కి తిప్పి, మళ్లీ ఆఫ్‌కు తేవాలి. బ్యాటరీ వోల్ట్‌మీటర్ యూబీఏ ముల్లు సున్నాకు పడితేనే నిజంగా ఆఫ్ అయినట్టు. తర్వాత డీకి తిప్పి, స్వీయపరీక్ష పూర్తయ్యేదాకా ఏ బటనూ ముట్టకండి.

కన్వర్టర్ తలుపుల జోలికి మాత్రం వెళ్లవద్దు. పాంటో దించినా డీసీ లింకు కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి ఉంటుంది. పాంటో గాలి మూసే ఐజీ-38 తాళంచెవితో హెచ్‌ఓఎం ఎర్తింగ్ స్విచ్, అక్కడి నుంచి వచ్చే చెవులతోనే తలుపులు అనే గొలుసు అందుకే పెట్టారు. దాన్ని దాటే దొంగదారి ఎవరైనా చెబితే వినకండి.

ప్రశ్న: యార్డులో చల్లారిపోయిన వాగ్-9ని ఇంకో ఇంజనుతో కదిలిస్తే కొన్ని చక్రాలు తిరగకుండా ఈడ్చుకుపోయాయి. బ్రేకు సిలిండర్‌లో గాలే లేదు. ఎందుకు? (పేరు, ఊరు వద్దన్నారు)

అది పార్కింగ్ బ్రేకు. మామూలు బ్రేకు గాలితో పడుతుంది, ఇది గాలి పోతే పడుతుంది. లోపలి స్ప్రింగును గాలి వెనక్కి పట్టి ఉంచుతుంది. ఇంజను చల్లబడి గాలి కారిపోగానే స్ప్రింగు బ్రేకు వేసేస్తుంది. అన్ని చక్రాలకూ ఉండదు, 2, 6, 7, 11 నంబర్ల చక్రాల దగ్గరే ఉంటుంది. ముందు చక్రాలకు దిమ్మెలు పెట్టండి. తర్వాత ఆ నాలుగు చోట్లా విడుదల స్పిండిల్‌ను చేత్తో లాగండి. ఊడిన చప్పుడు వినిపించడమే కాదు, బ్రేకు బ్లాకులు చక్రాన్ని వదిలాయో లేదో కదిపి చూడండి. మూడు విడుదలై ఒకటి మిగిలినా ఆ చక్రానికి చదును పడుతుంది. ఆపై చక్రాలను గుండ్రంగా కోసే పిట్ లేత్ మీద తిప్పించడమే మార్గం. ఒకదాన్ని కోస్తే మిగతా చక్రాల వ్యాసాలూ దానికి సరిపోయేలా చూసుకోవాలి. ఒకే కన్వర్టర్ మూడు మోటార్లను నడుపుతుంది కాబట్టి వ్యాసాల్లో తేడా ఎక్కువైతే మోటార్లు భారాన్ని సమానంగా పంచుకోవు.

ప్రశ్న: మా ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ మధ్యమధ్య ఆగి మళ్లీ వస్తోంది. జనరేటర్ బోగీ తీసేశాక ఇలా అవుతోందని తోటి ప్రయాణికులు అంటున్నారు. (విజయవాడ, నెల్లూరు, వరంగల్)

వాళ్ల మాటలో కొంత నిజముంది. హోటల్ లోడు (పెట్టెల్లోని ఏసీలు, లైట్ల కరెంటు) కన్వర్టర్ ఉన్న వాప్-7, తన ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీసిన కరెంటును 750 వోల్టుల త్రీఫేజ్‌గా మార్చి పెట్టెలన్నింటికీ పంపుతుంది. అందులో 500 కేవీఏ కన్వర్టర్లు రెండుంటాయి. డీజిల్ జనరేటర్ల రొద, పొగ, ఖర్చు పోయాయి. కానీ ఇంజనుకు కరెంటు లేని చోట పెట్టెలకూ లేదు. కొన్ని పదుల కిలోమీటర్లకు ఒకసారి, వేర్వేరు ఫేజుల తీగలు కలిసేచోట న్యూట్రల్ సెక్షన్ వస్తుంది. 500, 250 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డులుంటాయి. లోకో పైలట్ వీసీబీ తెరిచి, ఊపు మీద దాటి, మళ్లీ మూస్తాడు. కరెంటు లేనిది కొద్ది సెకన్లే అయినా ఏసీ కంప్రెసర్లు వెంటనే తిరిగి మొదలుకావు. లోపలి గ్యాస్ ఒత్తిడి సర్దుకునే వ్యవధి ఇచ్చి, ఒకదాని తర్వాత ఒకటిగా మొదలవుతాయి.

న్యూట్రల్ సెక్షన్ దాటాక కాసేపటికి చల్లదనం వస్తే అది మామూలే. మీ పెట్టెలో మాత్రమే రాకపోతే లోపం ఆ పెట్టెదే, కోచ్ సిబ్బందికి చెప్పండి. సగం బండికి లేకపోతే పెట్టెలకు కరెంటు తెచ్చే రెండు ఫీడర్లలో ఒకటి పోయిందని అనుమానించాలి. చాలా బండ్లకు ఒక పవర్ కారును అందుకే ఇంకా అంటిపెట్టి ఉంచారు.

ప్రశ్న: కొన్ని వాప్-7లు బయల్దేరేటప్పుడు రాగం తీస్తాయి, కొన్ని తీయవు. ఎందుకు? (రాజమహేంద్రవరం)

రాగం తీసేవి జీటీఓ ఇంజన్లు. జీటీఓలను సెకనుకు కొద్ది వందల సార్లకు మించి ఆర్పి వెలిగించలేరు. ఆ ఫ్రీక్వెన్సీ మన చెవికి బాగా వినిపించేదే. వేగం పెరిగే కొద్దీ కంట్రోలర్ పల్సుల వరుసను మెట్లుమెట్లుగా మారుస్తుంది. ప్రతి మెట్టుకూ మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ శ్రుతి మారుతుంది. ఐజీబీటీ ఇంజన్లలో పల్సుల తీరే వేరు కాబట్టి ఆ మెట్లు అంత స్పష్టంగా వినిపించవు.

ప్రశ్న: వాప్-5కి 160 కిలోమీటర్ల వేగం ఉంది కదా, సూపర్‌ఫాస్టులన్నిటికీ దాన్నే ఎందుకు కట్టరు? (హైదరాబాద్)

అది నాలుగు ఇరుసుల, 78 టన్నుల తేలికైన ఇంజను. మోటార్లు 1,150 కిలోవాట్లవి. వాప్-7లో లాగా ఇరుసు మీద వేలాడవు, బరువంతా బోగీ చట్రం మీదే ఉంటుంది. పట్టా మీద దెబ్బ తక్కువ, అందుకే ఆ వేగం. 2016లో నిజాముద్దీన్–ఆగ్రా గతిమాన్ ఎక్స్‌ప్రెస్‌కు దీన్ని కట్టింది అందుకే. కానీ బయల్దేరే బలం 258 కిలోన్యూటన్లే. పైగా ఆ బలానికి తన బరువులో 34 శాతం పట్టు కావాలి. 323 కిలోన్యూటన్లు లాగే వాప్-7కు 27 శాతం చాలు. 24 పెట్టెల బండి ప్రతి స్టేషన్‌లోనూ ఆగి బయల్దేరుతుంటే, వానాకాలంలో ఎవరు ముందు జారతారో ఈ రెండు అంకెలే చెబుతాయి. మన లైన్లలో గరిష్ఠ వేగం 130 ఉన్నంతకాలం 160 సామర్థ్యం వాడుకునే చోటే లేదు.

అయితే వాప్-5కి ఇప్పుడు కొత్త పని దొరికింది. 2023 డిసెంబరులో మొదలైన అమృత్ భారత్ బండ్లలో ముందొకటి, వెనకొకటి కట్టి, ముందు క్యాబ్ నుంచే రెండింటినీ నడుపుతున్నారు. అప్పుడు బలం రెట్టింపవుతుంది, పెట్టెలను కలిపే కప్లర్ల మీద భారం సగమవుతుంది. కోస్తా మీదుగా వెళ్లే మాల్దా–బెంగళూరు అమృత్ భారత్‌లో దీన్ని చూడవచ్చు.

ప్రశ్న: దాహోద్‌లో తయారయ్యే 9,000 హార్స్‌పవర్ ఇంజను, వాగ్-9హెచ్‌హెచ్ ఒకటేనా? (విశాఖపట్నం)

కాదు. హెచ్‌హెచ్ ఈ ఏబీబీ వంశంలోదే. దాహోద్‌ది సీమెన్స్ డిజైను, 2025 మేలో మొదటి ఇంజను బయటికొచ్చింది. మధేపురాలో ఆల్‌స్టామ్ కట్టే 12,000 హార్స్‌పవర్ వాగ్-12బీ మూడో దారి. రెండు భాగాలు, ఎనిమిది ఇరుసులు, 180 టన్నులు. వీటి విడిభాగాలు ఒకదానికొకటి పనికిరావు. దాహోద్ ఇంజన్ల నిర్వహణకు ఎంచుకున్న నాలుగు డిపోల్లో మీ విశాఖపట్నం ఒకటి. మిగతావి రాయ్‌పూర్, ఖరగ్‌పూర్, పుణె.